పద్దెనిమిదేళ్ళ పెద్దగారి వారం

విదేశీ మతప్రచారకుల ప్రసక్తి రాగానే మన చదువుకున్న తెలుగువారిలో రెండు గొంతులు లేస్తాయి. "డబ్బుమూటలతో దిగి, అమాయకులను మాయచేసి మతం మార్చేస్తున్నారు" అంటుంది మొదటి గొంతు. "ఎవరి నమ్మకం వారిది, మధ్యలో మీకేం నొప్పి?" అంటుంది రెండవది. మొదటివారు ఆవేశపరులనీ, రెండవవారు సంస్కారవంతులనీ లోకంలో ఒక అభిప్రాయం. నాకు మాత్రం ఇద్దరూ ఒకే తానులో ముక్కల్లా కనిపిస్తారు. మతం మారినవాడికి సొంత బుద్ధి లేదని మొదటివారి నిశ్చయం. మారినందుకు అతడు చెల్లించే మూల్యంతో తమకు పనిలేదని రెండవవారి నిశ్చయం. ఇద్దరి వాదంలోనూ ఆ మనిషి మాత్రం లేడు.

ఆ మనిషిని వాదంలోకి తీసుకురావడానికి కొంచెం చుట్టుదారి పట్టక తప్పదు. మారినవాడి కథకు ముందు, మార్చడానికి వచ్చినవాడి కథ చెప్పాలి. అదీ ఒక్క వారం కథ.

మార్మన్లు అని లోకం పిలిచే సంఘం ఒకటుంది. (ఆ పేరుతో పిలవవద్దని వారి అధ్యక్షుడు 2018లో కోరాడు. అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. అంత పొడుగు పేరు ప్రతిసారీ రాసే ఓపిక లేక పాత పేరే వాడుతున్నాను, మన్నించాలి.) 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. ముఖ్యస్థానం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. బైబిలుతో సమానంగా మార్మన్ గ్రంథాన్ని కూడా పవిత్రమని నమ్ముతారు గనుక, తక్కిన క్రైస్తవ శాఖలవారు చాలామంది వీరిని క్రైస్తవుల కింద జమకట్టరు. ఆ తగవు మనకొద్దు. మనకు కావలసింది వారి పిల్లలు. 18 ఏళ్ళు నిండిన మగపిల్లవాడు రెండేళ్ళపాటు, 18 ఏళ్ళు (2025 దాకా 19) నిండిన ఆడపిల్ల 18 నెలలపాటు ఇల్లు విడిచి మతప్రచారానికి వెళతారు. 2012 దాకా ఈ వయసులు 19, 21గా ఉండేవి. ఏ దేశానికి వెళ్ళాలో ఎంచుకునే హక్కు వారికి లేదు. సంఘం నుంచి ఉత్తరం వస్తుంది, అందులో ఏ ఊరి పేరుంటే ఆ ఊరికి పోవాలి. మగపిల్లలను అక్కడ "ఎల్డర్" అని పిలుస్తారు. అంటే పెద్ద. 18 ఏళ్ళ పెద్ద! మా ఊళ్ళో రచ్చబండ మీద పంచాయితీకి కూర్చునే పెద్దమనుషులు ఈ ముక్క వింటే తలగుడ్డ సర్దుకుని మరొక్కసారి చెప్పమంటారు.

సరే, ఈ పెద్దగారి వారం ఎలా ఉంటుందో చూద్దాం. ఏ ఒక్క కుర్రాడి దినచర్యనో నేను బయటపెట్టడం లేదు. వారి నియమావళిలో ఉన్నదే చెబుతున్నాను.

పొద్దున 6:30కు లేవాలి. అరగంట వ్యాయామం. తరవాత గ్రంథపఠనం ఒంటరిగా ఒక గంట, సహచరుడితో కలిసి ఒక గంట, పరభాషా ప్రాంతమైతే ఆ భాషకు మరికొంత సమయం. పది గంటలకల్లా వీధిలో ఉండాలి. రాత్రి తొమ్మిదికి గదికి చేరాలి, మరునాటి పని కాగితం మీద పెట్టుకోవాలి, 10:30కు దీపం ఆర్పాలి. 2017లో ఈ వేళలను కొంచెం సడలించారు గానీ ఎముకలగూడు అదే. తెల్లచొక్కా, మెడకు టై, జేబు మీద నల్లటి పేరుపలక. సినిమా లేదు, టీవీ లేదు, ఆడపిల్లలతో షికార్లు లేవు. అన్నిటికంటె చిత్రమైనది సహచరుడి నియమం: ఇద్దరూ ఎప్పుడూ ఒకరి కంటికి ఒకరు ఆనుతూ, ఒకరి మాట ఒకరికి వినపడేంత దూరంలోనే ఉండాలి. స్నానాల గది తప్ప ఒంటరితనం లేదు. ఆ సహచరుణ్ణి కూడా తాను ఎంచుకోలేదు. ఇంచుమించు ఆరు వారాలకొకసారి బదిలీల జాబితా వస్తుంది. ఊరైనా మారవచ్చు, సహచరుడైనా మారవచ్చు.

సోమవారం సాధారణంగా విరామదినం. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఉత్తరం రాయడం. సాయంత్రానికి మళ్ళీ చొక్కా తొడగాలి. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోను చేయడానికి ఏడాదికి రెండే రోజులు: క్రిస్మస్సుకు, అమెరికావారి మాతృదినోత్సవానికి. ఆ తరవాతనే వారానికొకసారి మాట్లాడుకోవచ్చని అనుమతించారు. ఇంటిబెంగతో ఉన్న 18 ఏళ్ళ పిల్లవాడు అమ్మ గొంతు వినడానికి ఆరేడు నెలలు ఆగేవాడన్నమాట. మన హాస్టలు పిల్లలు ఆదివారం ఆదివారం అమ్మానాన్నల కోసం గేటు దగ్గర నిలబడే దృశ్యం తెలిసినవారికి దీని బరువు వేరే చెప్పనక్కరలేదు.

మంగళవారం నుంచి శనివారం దాకా తిరుగుడు. అందులో ఒక పూట చుట్టుపక్కల ప్రచారకులందరూ కూడి పని సమీక్షించుకుంటారు. ఆదివారం ఆరాధన. రొట్టె, నీళ్ళు పంచుతారు (ద్రాక్షారసం ఉండదు, మద్యం నిషిద్ధం). ఆ రాత్రి లెక్క అప్పజెప్పాలి. ఈ వారం ఎందరికి బోధించారు, ఎందరు ఆదివారం సభకు వచ్చారు, ఎందరికి బాప్తిస్మపు తేదీ నిశ్చయమైంది, ఎందరు నీళ్ళలో మునిగారు. గడులున్న పట్టిక, గడిగడికీ అంకె. ఎరువుల కంపెనీ ప్రతినిధి నెలాఖరున పంపే పట్టికకూ దీనికీ తేడా ఏమిటని అడిగితే భక్తులు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. మనుషుల మోక్షాన్ని వారంవారం అంకెల్లో పంపుతున్నవారు ఆ పోలికకు సిద్ధపడే ఉండాలి.

ఇక "డబ్బుమూటల" సంగతి. ఈ కుర్రాడికి జీతం లేదు. ఎదురు తానే చెల్లిస్తాడు. అమెరికా పిల్లవాడైతే నెలకు 400 డాలర్లు, 2020 నుంచి 500 డాలర్లు, తానో తన కుటుంబమో కట్టాలి. ఏ దేశంలో వేసినా అంతే. హైస్కూలు రోజుల్లో గడ్డి కోసి, గిన్నెలు కడిగి కూడబెట్టుకున్న సొమ్ముతో వచ్చేవాళ్ళున్నారు. వాణ్ణి డబ్బు వెదజల్లే దళారి అనడం అబద్ధం. పైగా ఈ సంఘంలో చేరినవాడు తన ఆదాయంలో పదోవంతు సంఘానికి ఇవ్వాలి. డబ్బు ఎటు నుంచి ఎటు ప్రవహిస్తుందో మొదటి గొంతువారు ఒక్కసారి లెక్కవేసుకుంటే మంచిది.

కాబట్టి కుర్రాడి మీద నాకు కోపం లేదు, జాలి కూడా ఉంది. నా అభియోగమంతా అతడి వారం మీద. ఆ వారంలో మాట్లాడడానికి గంటలున్నాయి, వినడానికి లేవు.

ఒక్క టీ గ్లాసు చాలు ఇది చూపడానికి. మార్మన్ల ఆహారనియమాల్లో మద్యం, పొగాకుతోపాటు కాఫీ, టీ కూడా నిషిద్ధం. సీమ పల్లెలో ఏ ఇంటికైనా పరాయి మనిషి వస్తే ముందు కుర్చీ, తరవాత నీళ్ళు, ఆ వెనక టీ. కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టి, నవ్వి, వద్దంటాడు. కాచి వడగట్టిన నీళ్ళు తప్ప తాగరాదన్న జాగ్రత్త ఏ విదేశీయుడికైనా ఉంటుంది గనుక నీళ్ళూ వద్దంటాడు. వాడి దృష్టిలో ఇది వ్రతపాలన, ఆరోగ్యసూత్రం. కానీ అది మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో ఇల్లయితే? ఆ గడపలో నీళ్ళు ముట్టని మనుషులను తరాలుగా చూసిన ఇల్లది. కాఫీ హోటళ్ళలో తమకు వేరే గ్లాసులు పెట్టిన రోజులు తలపండిన ముసలివారికి బాగా జ్ఞాపకం. ఆ ఇంటి తల్లికి, తానిచ్చిన గ్లాసు వద్దన్న తెల్లచొక్కా ఏం చెబుతుంది? నోటితో "దేవుని దృష్టిలో అందరూ సమానమే" అంటూ చేత్తో గ్లాసు తోసేసిన మనిషి పరదేశి కావచ్చు, ఆ సైగ మాత్రం ఆమెకు బాగా పాతది. ఈ అర్థం తెలియడానికి ఆ వాడలో కనీసం నాలుగు పండుగలూ నాలుగు చావులూ చూసి ఉండాలి. ఆరు వారాల బదిలీల జాబితాలో నాలుగు చావులకు చోటెక్కడిది?

ఇంటింటికీ తిరిగి మతం చెప్పడమే తప్పని నేను అనడం లేదు. అదే తప్పయితే, మా వైపు ఆ తప్పు మొదట చేసినవాడు సాక్షాత్తూ నరసింహస్వామే. మా రుద్రవరం నల్లమల అంచున, ఆళ్ళగడ్డకు దగ్గరలో ఉన్న ఊరు. ఏటా కనుమనాడు అహోబిలంలో స్వామి పల్లకి ఎక్కుతాడు. సుమారు 40 రోజులు ఆళ్ళగడ్డ, రుద్రవరం, ఉయ్యాలవాడ వైపు 30కి పైగా పల్లెలు తిరుగుతాడు. తన కల్యాణానికి తానే ఊరూరా వచ్చి పిలుచుకుంటాడని నమ్మకం. పార్వేట అంటారు దాన్ని. దేవుడంతటివాడు గుడిలో కూర్చోక బోయీల భుజాలకెక్కి మన గడపల ముందుకు వచ్చాడంటే, అది ప్రచారం కాక మరేమిటి? అయితే ఆ స్వామికి ఈ సీమతో బాంధవ్యం ఉంది. చెంచులక్ష్మిని చేసుకుని అడవికి అల్లుడయ్యాడు. పిలుపుకు వచ్చేవాడు మళ్ళీ ఏడాది కూడా వస్తాడు, ఆపై ఏడాదీ వస్తాడు. మనవాళ్ళు తిట్టుకోవాలన్నా మొక్కుకోవాలన్నా మనిషి దొరుకుతాడు, క్షమించాలి, దేవుడు దొరుకుతాడు.

అన్నట్టు, బనగానపల్లెలో ఆవులు కాచిన వీరబ్రహ్మం మాట విని దూదేకుల సిద్ధయ్య తనవారిని కాదని వెళ్ళాడని ఈ సీమలో పసిపిల్లలు కూడా చెబుతారు. ఆ సిద్ధయ్యను మోసపోయిన అమాయకుడని అనగా నేనెప్పుడూ వినలేదు. శిష్యుడన్నారు, యోగి అన్నారు, పాటలు కట్టుకున్నారు. ఒక మాదిగ పెద్ద ఏసుక్రీస్తు మాట విని నీళ్ళలో మునిగితే మాత్రం గోధుమపిండికి అమ్ముడుపోయాడంటారు. ఒకే పని ఇద్దరు చేస్తే ఒకరిది జ్ఞానం, మరొకరిది ఆకలి ఎలా అయిందో మొదటి గొంతువారు చెప్పాలి.

ఇప్పుడు ఉండిపోవడం, వెళ్ళిపోవడం అన్న ముక్క దగ్గరికి వద్దాం. అసలు తగవు అక్కడే ఉంది.

మార్మన్ ప్రచారకులు మన దేశానికి రావడం నిన్నమొన్నటి సంగతి కాదు. 1850లలోనే కలకత్తాకు వచ్చారు. 1853లో రిచర్డ్ బాలంటైన్ అనే ఆయన సహచరులతో మద్రాసులో దిగాడు. అక్కడ ఒక పత్రిక కూడా నడిపాడు. ఇంగ్లీషువారి మధ్య, ఇంగ్లీషులో బోధించి, ఏడాది తిరిగేసరికి పెద్దగా ఫలితం లేక ఓడ ఎక్కాడు. సరిగ్గా ఆ దశకంలోనే, ఆ మద్రాసు రాజధానిలోనే, ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ సంఘంవారు మా చాగలమర్రి పక్కనున్న ముత్యాలపాడులో మకాం పెట్టారు. జాన్ క్లే అనే మతగురువు అక్కడ దశాబ్దాలు ఉన్నాడు. 1876-78 నాటి ధాతు కరువులో కర్నూలు, కడప సీమలు శ్మశానాలైనప్పుడు కూడా ఆ మిషన్లు ఇక్కడే ఉన్నాయి. బాలంటైన్ కంటె క్లే భక్తిపరుడని నేను చెప్పలేను. చెప్పగలిగిందల్లా ఒకటే: ఒకరు ఓడ ఎక్కారు, ఒకరు ఊళ్ళో ఉన్నారు. నంద్యాల, ముత్యాలపాడు చుట్టూ తరాల తరబడి క్రైస్తవకుటుంబాలు ఎందుకున్నాయో, మద్రాసులో బాలంటైన్ పేరు ఎవరికీ ఎందుకు తెలియదో ఇక విడమరచి చెప్పాలా?

నల్లమల మీద ఇటు కొసన గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ అటు దిగి ఒంగోలు సీమకు పోతుంది. ఆ ఏటి గట్టు మీద, వెల్లంపల్లి దగ్గర, 1878 జులై 3న ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ కాలంలో జరిగిన సంగతి. మొదటి గొంతువారికి ఈ అంకె మహాప్రీతి. "చూశారా, కరువులో తిండి చూపి మార్చారు" అంటారు. కానీ దాని ముందరి కథ చెప్పరు. కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో 3.5 మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవారిని ఏడాదికి పైగా ఆపాడు. గంజి కోసం వచ్చినవాడెవరో, నమ్మి వచ్చినవాడెవరో తేలాలని ఆపాడు. సహాయపు పని ముగిసిన తరవాతనే ఏటిలోకి దిగనిచ్చాడు. అంకెల మీద మోజు ఆయనకు మాత్రం లేదా అంటే, 2,222 అని ఒకటి తక్కువ కాకుండా ఒకటి ఎక్కువ కాకుండా మనదాకా వచ్చిందంటేనే తెలుస్తోంది కదా! అయినా, అడిగినవాణ్ణి ఏడాది ఆపగలిగిన మనిషి ఆయన. ఆదివారం రాత్రి పట్టిక నింపవలసిన కుర్రాడికి ఆ స్వేచ్ఛ ఏదీ?

పల్లె క్రైస్తవులకు మతం మీద సొంత అభిప్రాయాలుండవన్న మాటకు మా నంద్యాలే పెద్ద జవాబు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ భారత సంఘం, అదే మనం సి.ఎస్.ఐ. అంటామే, అది ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకా కొన్ని శాఖలు కలిసిపోయాయి. బిషప్పులు కలిశారు, కాగితాలు కలిశాయి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ క్రైస్తవుల్లో అధికభాగం మాత్రం మేం కలవమన్నారు. తమ ఆరాధనక్రమం, తమ గురుపరంపర తమకే ఉండాలన్నారు. తరవాతి కాలంలో గాని నంద్యాల డయాసిస్ సి.ఎస్.ఐ.లో అంతర్భాగం కాలేదు. అధిష్ఠానం చెప్పినా వినని ఈ మనుషులా, అరబస్తా బియ్యానికి నమ్మకాలు మార్చుకునే అమాయకులు?

మార్మన్ల సంగతిలోనూ, తెలుగుదేశంలో వారి మతం నిలబడింది తెల్లచొక్కా కుర్రాళ్ళ వల్ల కాదు. సమోవాలో ఉంటూ ఆ సంఘంలో చేరిన తెలుగువాడు ఎడ్విన్ ధర్మరాజు, భార్య ఎల్సీతో కలిసి 1978లో హైదరాబాదు వచ్చాడు. ఆ డిసెంబరులో 22 మంది బంధువులు బాప్తిస్మం పొందారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు పాస్టరు. మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని ఆయనకే అప్పగించారు. చుట్టరికం మీద నడిచి వచ్చిన మతం ఇది. (నల్లజాతివారికి పౌరోహిత్యం లేదన్న నిషేధాన్ని ఆ సంఘం ఎత్తివేసింది కూడా ఆ 1978 జూన్‌లోనే. మనుషులందరూ సమానమన్న బోధతో హైదరాబాదు రావడానికి ఆరు నెలల ముందు! సమానత్వం మాట్లాడే ప్రతి మతానికీ పెరట్లో ఒక వాడ ఉంటుంది కాబోలు.) 1993లో బెంగుళూరు కేంద్రంగా మిషను ఏర్పడింది. 2012లో, దేశంలోనే మొదటిసారిగా, హైదరాబాదులో వారి స్టేకు, అంటే మన భాషలో పెద్ద పరగణా, ఏర్పడింది. రాజమహేంద్రవరంలో, విశాఖలో కూడా సంఘాలున్నాయి. ఇప్పుడు ఆ సంఘాల నుంచి తెలుగు పిల్లలే తెల్లచొక్కాలు తొడుక్కుని పరాయి ఊళ్ళకు బయలుదేరుతున్నారు.

ఇంతవరకూ మొదటి గొంతువారితో మాట్లాడాను. ఇక రెండవ గొంతువారు, సంస్కారవంతులు, వినాలి.

"ఎవరి నమ్మకం వారిది" అన్న మాట వినడానికి ఎంతో బాగుంది. ఆ నమ్మకానికి ధర ఎంతో తెలుసా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు తెరవలేదు. మన రాష్ట్రంలో ఎస్.సి.లకు 15 శాతం కోటా. క్రైస్తవం పుచ్చుకున్న మాల, మాదిగ కుటుంబాలు బి.సి. "సి" వర్గంలోకి పోతాయి. అక్కడున్నది 1 శాతం. చదువు, ఉద్యోగం మాత్రమే పోతాయనుకునేరు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నిజమైన విశ్వాసం లేకుండా రిజర్వేషను కోసమే మతం మారానని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న మనిషి తనను కులం పేరుతో తిట్టి కొట్టారని పెట్టిన కేసులో, మారినవాడు ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. తిట్టినవాడికి మాత్రం అవతలివాడి కులం బాగానే గుర్తుంది, గమనించారా? ఊరు మరిచిపోదు, బావి మరిచిపోదు, శ్మశానం మరిచిపోదు. కొన్నిచోట్ల చర్చిలో బెంచీలు కూడా మరిచిపోవు. మరిచిపోయేది కాగితం ఒక్కటే.

అందుకే మా వైపు ఎన్నో ఇళ్ళలో మనిషికి రెండు పేర్లు. ఆదివారం ఒకటి, సోమవారం ఒకటి. చర్చిలో దావీదు, బడిలో దస్తగిరో దానమయ్యో. దేవుడి ముందు ఒక నిజం, తహసీల్దారు ముందు మరొక నిజం. దీన్ని కపటమని ఈసడించేవారున్నారు. నేను దీన్ని బతుకుతెరువు అంటాను. ఏ దేవుడికి మొక్కుతావో చెప్పు, దాన్నిబట్టి నిన్ను కొట్టినవాడి మీద ఏ కేసు పెట్టాలో చెబుతానన్న రాజ్యంలో మనిషి ఇంకేం చేస్తాడు? 2023 మార్చిలో మన శాసనసభ, దళిత క్రైస్తవులను ఎస్.సి.లుగా గుర్తించాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. తీర్మానాలు పంపడంలో మన సభ ఎప్పుడూ వెనకపడింది లేదు.

ఈ ధర వేసింది విదేశీయులు కాదు. మనమే వేశాం. అమాయకులను మార్చేస్తున్నారని గుండెలు బాదుకునేవారే, ఆ అమాయకుల నుంచి ధర ముక్కుపిండి వసూలు చేయాలని అందరికంటె గట్టిగా కోర్టులకు వెళ్ళేవారు. అమాయకుడైతే శిక్ష ఎందుకు? శిక్షించదగ్గ తప్పే చేశాడంటారా, అలాగైతే తెలిసే చేశాడని ఒప్పుకున్నట్టు. ఏదో ఒకటే చెప్పండి.

కుర్రాడి దగ్గరికి మళ్ళీ వద్దాం. బాప్తిస్మానికి ముందు అభ్యర్థిని కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలడుగుతారు. ప్రపంచమంతటికీ ఒకటే జాబితా. దేవుణ్ణి నమ్ముతున్నావా, పదోవంతు ఇస్తావా, మద్యం, పొగాకు, కాఫీ, టీ మానతావా, ఏదైనా ఘోరనేరం చేశావా. కాఫీ సంగతి అడగడానికి గుర్తున్నవారికి కులధ్రువపత్రం సంగతి అడగడానికి గుర్తులేదు. యూటాలో దాని అవసరం లేదు గనుక. అక్కడ నీళ్ళలోంచి లేచినవాడు తల తుడుచుకుని ఇంటికి పోతాడు. ఇక్కడ నీళ్ళలోంచి లేచినవాడి కూతురి ఇంజనీరింగు సీటు, కొడుకు మీద దెబ్బ పడితే పెట్టవలసిన సెక్షను, అతడు పంచాయతీలో నిలబడగల వార్డు, అన్నీ ఆ తడిబట్టలతోపాటు మారతాయి. ఇది చెప్పకుండా ముంచినవాడు అబద్ధం ఆడలేదు, నిజమే. సగం ధర కాగితం చూపి పొలం అమ్మినవాడు కూడా అబద్ధం ఆడలేదు.

"మేం బోధించేది మోక్షం, రిజర్వేషన్లు కాదు" అని జవాబు వస్తుంది. వినసొంపుగానే ఉంది. కానీ మోక్షంతోపాటు పదోవంతు లెక్క చెప్పగలిగినవారు, 15కూ 1కీ ఉన్న లెక్క చెప్పలేరా? నిజాయితీగా బతకాలని బోధిస్తారు కదా. ఈ మనిషి నిజాయితీగా తన మతం తహసీల్దారుకు చెప్పుకుంటే ఏమవుతుందో, చెప్పకపోతే రోజూ ఏ అబద్ధంలో బతకాలో, ఆ రెండూ తెలిసి నీళ్ళలో దిగితే అది విశ్వాసం. అలా దిగేవారు మా సీమలో నూటయాభై ఏళ్ళుగా ఉన్నారు, వారికి నా నమస్కారం. తెలియకుండా దింపితే అది ఆదివారం రాత్రి పట్టికలో ఒక అంకె.

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు మార్మన్ సంఘం దేశదేశాల్లోని విదేశీ ప్రచారకులను ఇళ్ళకు పిలిపించుకుంది. పిల్లల ప్రాణాలు ముఖ్యం, తల్లిదండ్రులకు జవాబు చెప్పాలి, తప్పనను. కరోనా లేకున్నా రెండేళ్ళు నిండగానే వాడు ఎలాగూ వెళ్ళిపోతాడు. కాలేజీలో చేరతాడు, పెళ్ళి చేసుకుంటాడు, ఇండియా ఫొటోలు పిల్లలకు చూపిస్తాడు. నిజంగానే ప్రేమతో చూపిస్తాడు, అందులో నాకు సందేహం లేదు. ఆ ఫొటోలో తడిబట్టలతో నవ్వుతూ నిలబడ్డ మనిషి ఇక్కడే ఉంటాడు. ఏడాదికొకసారి కూతురి ఫీజు మాఫీ దరఖాస్తులో "మతం" అన్న గడి దగ్గర కలం ఆపుతాడు.

కాబట్టి రెండవ గొంతువారికీ, తెల్లచొక్కా సంఘంవారికీ నేను కోరేది ఒక్కటే పాఠం అదనంగా. 1950 ఉత్తర్వు మూడవ పేరా, తేట తెలుగులో, నీళ్ళలో దిగకముందు గట్టిగా చదివి వినిపించాలి. ఆ మనిషి ఇంటికి పోయి భార్యతో, పిల్లలతో, కులపెద్దలతో మాట్లాడుకోవడానికి గడువివ్వాలి. క్లౌ ఇచ్చినంత గడువు కాకపోయినా సరే. అంతటి తీరిక తమ వారంలో లేదని వారు అనలేరు. సోమవారం బట్టలు ఉతుక్కున్నాక సాయంత్రం దాకా కుర్రాడు ఖాళీయే. తహసీల్దారు కార్యాలయం సోమవారం తెరిచే ఉంటుంది. పైగా మన రాష్ట్రంలో జనం అర్జీలు పట్టుకుని వచ్చే రోజు కూడా సోమవారమే.